పుంటో డీజిల్‌కు స్విఫ్ట్ పార్టులు వేయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నా దగ్గర 2011 ఫియట్ గ్రాండే పుంటో డీజిల్ ఉంది, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్లు ఇంజిన్‌లో గలగలమని శబ్దం వస్తోంది. ఆయిల్ తగ్గుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ వస్తోంది. చైన్ కిట్, రింగులు, బేరింగులు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. దగ్గర్లో ఫియట్ షోరూమ్ లేదు. ‘స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నదీ ఈ ఇంజినే, అన్నీ స్విఫ్ట్‌వే వేసేద్దాం’ అని ఆయన మాట. ఇంకొకరు పాత స్విఫ్ట్ ఇంజిన్ తెచ్చి ఎక్కించేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ మెకానిక్ చెప్పింది ఇంజిన్ లోపలి వరకు చాలామటుకు నిజం. ఇంజిన్ బయట తగిలించే వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ మాటను నమ్ముకుని డబ్బు పెట్టకూడదు. ఎక్కడి వరకు నిజమో, ఎక్కడి నుంచి కాదో తెలిస్తే ఈ బండికి విడిభాగాలు దొరకడం పెద్ద కష్టం కాదు. మన దేశంలో అమ్మకం ఆపేసి వెళ్లిపోయిన కంపెనీల డీజిల్ కార్లలో పార్టుల విషయంలో అన్నిటికంటే నయమైన స్థితిలో ఉన్నది మీ బండే.

మీ బండిలో ఉన్నది ఫియట్ 1.3 మల్టీజెట్. 1,248 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 82 మిల్లీమీటర్లు, 16 వాల్వులు, టైమింగ్‌కు బెల్టు బదులు చైన్. ఫియట్, టాటా బండ్లకు దీన్ని పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో తయారుచేశారు. మారుతీ బండ్లకు ఫియట్ లైసెన్సుతో సుజుకీ హర్యానాలో తయారుచేసింది. మారుతీ దీన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, మాంజా, జెస్ట్, పుంటో, లీనియా, అన్నిట్లోనూ ఇదే కుటుంబం. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మొదలుపెట్టి 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేదాకా మారుతీ దీన్ని అమ్ముతూనే ఉంది. అందుకే చిన్న పట్టణాల్లో కూడా దీని లోపలి పార్టులు షాపుల్లో కనిపిస్తాయి. షెవ్రోలే బీట్ డీజిల్ కూడా ఈ వంశమే, అయితే అది మూడు సిలిండర్ల 936 సీసీ ఇంజిన్. సిలిండర్ కొలత ఒకటే అని దాని చైన్ గానీ, క్రాంక్ గానీ, గ్యాస్కెట్ సెట్ గానీ తీసుకోకండి.

మీరు రాయని ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. 2011లో పుంటో డీజిల్ రెండు రకాలుగా అమ్మారు, 75 హెచ్‌పీ తరగతిది ఒకటి, 90 హెచ్‌పీది ఒకటి. మీది ఏదో తేల్చుకోకుండా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) వైపు ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టకండి. 75లో రెక్కలు కదలని మామూలు టర్బో ఉంటుంది. 90లో లోపలి రెక్కల కోణం మారే వీజీటీ టర్బో ఉంటుంది. టర్బో మీద గుండ్రంగా ఉండే యాక్యుయేటర్ డబ్బాను చూడండి. దానికి వెళ్లే సన్నని హోస్ టర్బో గాలి తోసే వైపు నుంచే వస్తుంటే మామూలుది. హోస్ సోలెనాయిడ్ వాల్వ్ మీదుగా వ్యాక్యూమ్ లైనుకు వెళ్తుంటే వీజీటీ. స్విఫ్ట్, రిట్జ్, డిజైర్ డీజిల్ మొదటివాళ్ల బంధువులు. లీనియా, ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, మాంజా 90 రెండోవాళ్ల బంధువులు. మీది 90 అయితే ‘స్విఫ్ట్ సామాను’ అన్న మాటను పక్కనపెట్టి లీనియా, ఎర్టిగా, సియాజ్ పేర్లతో వెతకాలి.

బయటి దేశాల నుంచి వచ్చే పార్టుల పెట్టెల మీద కారు పేరు బదులు ఇంజిన్ కోడ్ ఉంటుంది. ఫియట్ లెక్కలో 199ఏ2 అంటే 75, 199ఏ3 అంటే 90. ఓపెల్ లెక్కలో జడ్13డీటీజే 75ది, జడ్13డీటీహెచ్ 90ది. ఓపెల్ పేరు చూసి వేరే బండిదనుకుని వదిలేయనక్కర్లేదు.

ఇక పార్టులు కొనే ముందు, అసలు ఏవి పోయాయో తేల్చాలి. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ ఒకే కారణం ఉండాలని లేదు. ఉదయం గలగల చైన్‌ది కావచ్చు. ఆయిల్ తగ్గడం రింగుల వల్ల కావచ్చు, టర్బో సీల్ వల్ల కావచ్చు, ఆయిల్ ఎక్కడైనా బయటికి కారుతూ ఉండవచ్చు. పొగ నల్లగా ఉంటే ఇంజెక్టర్, ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్), టర్బో హోస్ పగులు వైపు చూడాలి. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ విప్పి వేలు పెట్టి చూడండి. తడి మరకలు కొద్దిగా ఉండడం మామూలే. ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం ముందు టర్బోను అనుమానించాలి. టర్బో సీల్ పోయిన బండికి రింగులు మార్చి, ఆ తర్వాత కూడా ఆయిల్ తాగుతోందని తల పట్టుకునే పరిస్థితి రాకూడదు. కంప్రెషన్ టెస్ట్ చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఒక సిలిండర్ మిగతా మూడింటికంటే బాగా తక్కువుంటే, లేదా ఆయిల్ మూత తీసినప్పుడు బ్యాక్ కంప్రెషన్ (లోపలి నుంచి ఎదురు తన్నే గాలి) గట్టిగా కొడుతుంటే అప్పుడు రింగుల మాట. ఇంజెక్టర్లకు లీక్‌ఆఫ్ టెస్ట్ చేయించండి. నాలుగు సీసాల్లోకి తిరిగివచ్చే డీజిల్ ఒకదానిలో మిగతావాటికంటే చాలా ఎక్కువగా నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టు.

ఇక్కడొక జాగ్రత్త. పాత డీజిల్ బండ్ల అలవాటుతో కొందరు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూస్తారు. మీది లాంటి కామన్ రైల్ (ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ అధిక ఒత్తిడితో డీజిల్ పంపే) ఇంజిన్‌లో అది ప్రాణాంతకం. ఆ పైపులో ఒత్తిడి ఐడిల్‌లోనే వందల బార్లు ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1,000 బార్లు దాటవచ్చు, చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మీ బండి దగ్గర ఎవరైనా ఆ పని మొదలుపెడితే అక్కడికక్కడే ఆపండి.

చైన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంజిన్‌కు ఎక్కువగా ముప్పు తెచ్చేది అదే. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ప్రెషర్ ఎక్కేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది, అదే మీకు వినిపించే గలగల. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిలే సుమారు 3 లీటర్లు. ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. మిగిలిన ఆయిల్ త్వరగా వేడెక్కి పలచబడుతుంది, టెన్షనర్ ఇంకా బలహీనపడుతుంది, చైన్ ఇంకా సాగుతుంది. ఒక పన్ను జారిందంటే రాకర్ ఆర్ములు విరుగుతాయి, వాల్వులు కూడా వంగవచ్చు. కాబట్టి పని మొదలయ్యేదాకా డిప్‌స్టిక్ రెండు రోజులకోసారి చూస్తూ ఉండండి. శబ్దం నాలుగైదు సెకన్ల నుంచి పెరిగినా, వేడెక్కాక కూడా వినిపించినా బండి నడపకండి.

చైన్, టెన్షనర్, రెండు గైడ్లు, పళ్ల చక్రాలు, క్రాంక్ ముందు సీల్ ఒకే కిట్‌గా కొనండి. చైన్ ఒక్కటే మార్చి పాత పళ్ల చక్రాల మీద వేస్తే, అరిగిన పళ్లు కొత్త చైన్‌ను కొద్ది రోజుల్లోనే పాడుచేస్తాయి. ఈ కిట్ విషయంలో స్విఫ్ట్, విస్టా, పుంటో అన్న తేడా పెద్దగా ఉండదు. అయినా పాతది విప్పాక చైన్ లింకులు లెక్కపెట్టండి, పళ్లు లెక్కపెట్టండి, టెన్షనర్ బోల్టు రంధ్రాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. మూడూ కలిస్తేనే బిగించాలి. ముందు కవర్ ఎలాగూ ఊడుతుంది కాబట్టి ఆయిల్ పంప్ లోపల గీతలు పడ్డాయేమో చూడమనండి. పంప్ అరిగి ప్రెషర్ తక్కువగా వస్తుంటే కొత్త చైన్ కిట్ కూడా కొన్నాళ్లకే మళ్లీ గలగలమంటుంది. టైమింగ్ పెట్టేటప్పుడు క్యామ్‌షాఫ్ట్‌లను, క్రాంక్‌ను కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ టూల్స్ ఉన్న మెకానిక్ చేతే చేయించండి. పెయింట్ గుర్తులు పెట్టి చేసేవాళ్ల దగ్గర వద్దు. సాగిన పాత చైన్ మీద పెట్టిన గుర్తు కొత్త చైన్‌కు ఎలా సరిపోతుంది?

రింగులు, బేరింగులు కొనడానికి బజారుకు వెళ్లడం కంటే ముందు ఇంజిన్ విప్పి లేత్ షాపుకు వెళ్లాలి. బోరు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలవాలి. బోరు గుండ్రంగా ఉండి, లోపల హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే స్టాండర్డ్ రింగులు సరిపోతాయి. లోపం ఉంటే బోరింగ్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. చాలా చోట్ల వరుస తప్పేది ఇక్కడే. ముందు బోరు కొట్టించేస్తారు, ఆ సైజు పిస్టన్లు దొరక్క బండి నెలల తరబడి షెడ్డులో ఉంటుంది. పిస్టన్ సెట్ చేతికి వచ్చాక, ఆ పిస్టన్లనే కొలిచి బోరు కొట్టాలి. బేరింగులకూ అంతే. క్రాంక్ జర్నళ్లు (బేరింగులు కూర్చునే నున్నటి భాగాలు) కొలిచాకే స్టాండర్డా, అండర్‌సైజా తేలుతుంది. స్టాండర్డ్‌లో కూడా మందాన్ని బట్టి గ్రేడులు ఉంటాయి, షెల్ అంచున రంగు చుక్క ఉంటుంది. పాతవాటి రంగులు ఏ స్థానంలో ఏదో రాసి పెట్టుకోండి. కనెక్టింగ్ రాడ్ మూతలు ఒకదానిది ఒకదానికి మారకుండా విప్పేటప్పుడే నంబర్లు వేయమనండి.

హెడ్ గ్యాస్కెట్ ‘1.3 మల్టీజెట్‌ది’ అని అడిగి తెచ్చుకునే వస్తువు కాదు. ఇది వేర్వేరు మందాల్లో వస్తుంది, వాటి మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. అంచున ఉండే రంధ్రాలు లేదా గాట్ల లెక్క ఆ మందాన్ని చెబుతుంది. పిస్టన్లు మార్చకపోతే పాత గ్యాస్కెట్ గుర్తు చూసి అదే తీసుకోవచ్చు. పిస్టన్లు మార్చితే డయల్ గేజ్‌తో పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకు వస్తోందో నాలుగింటికీ కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెను బట్టి మందం ఎంచుకోవాలి. పలచటిది వేస్తే పిస్టన్ తలకు వాల్వ్ తగిలే ప్రమాదం ఉంది. మందపాటిది వేస్తే కంప్రెషన్ తగ్గి చలికాలంలో స్టార్టింగ్ ఇబ్బంది, పొగ. షాపులో ఒక్క మందమే ఉండి ‘ఇదే అన్నిటికీ’ అంటే వేరే షాపు చూసుకోండి. హెడ్ బోల్టులు ఇన్ని డిగ్రీలు తిప్పాలన్న కోణం లెక్కన బిగించే రకం, ఒకసారి బిగించాక సాగుతాయి. కొత్త సెట్ తప్పనిసరి.

ఇప్పుడు అసలు చిక్కు. పిస్టన్ తలలో ఉండే గుంట, ఇంజెక్టర్ నాజిల్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) లోని ప్రోగ్రాం, ఈ మూడూ ఒకదానికొకటి లెక్కగట్టి చేసినవి. నాజిల్ నుంచి డీజిల్ ఏ కోణంలో చిమ్మాలో ఆ గుంట ఆకారాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఎంతసేపు, ఎంత ఒత్తిడితో చిమ్మాలో ఈసీయూ చెబుతుంది. బీఎస్3 నుంచి బీఎస్4కు, 75 నుంచి 90కి వచ్చేసరికి ఇందులో మార్పులు ఉంటాయి. స్విఫ్ట్ ఇంజెక్టర్ మీ హెడ్‌లో చక్కగా కూర్చుంటుంది, పైపు కూడా పట్టవచ్చు, బండి స్టార్ట్ కూడా అవుతుంది. అయినా అది సరైనదని అర్థం కాదు. నల్లపొగ, టకటక శబ్దం, ఒక సిలిండర్ మాత్రమే ఎక్కువ వేడెక్కి కొన్ని నెలలకు పిస్టన్ కరగడం దాకా పోవచ్చు. మీ ఇంజెక్టర్ మీద బాష్ నంబర్ పది అంకెల్లో ఉంటుంది, 0 445 110 తో మొదలవుతుంది. చివరి మూడంకెలే మీకు కావలసినవి. అవి కలవాలి. లేదా ఆ నంబర్‌కు బదులుగా బాష్ తానే ఇచ్చిన కొత్త నంబర్ అయి ఉండాలి. ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఇంకొక చిన్న కోడ్ ఉంటే అది ఆ ఒక్క ఇంజెక్టర్ సొంత కొలత. మార్చినప్పుడు దాన్ని స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి.

చాలాసార్లు కొత్త ఇంజెక్టర్ అవసరమే ఉండదు. డీజిల్ పంపు షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టి నాజిల్, వాల్వ్ మార్పిస్తే మీ ఇంజెక్టరే మళ్లీ పనికొస్తుంది, నంబర్ గొడవా ఉండదు. టెస్ట్ తర్వాత వచ్చే రిపోర్ట్ ప్రింట్ తప్పకుండా అడిగి తీసుకోండి. బిగించేటప్పుడు కింది రాగి వాషర్ కొత్తది వేయాలి. పాతది హెడ్ గుంటలోనే అతుక్కుని ఉంటుంది, అది తీయకుండా దాని మీదే ఇంకొకటి వేస్తే కంప్రెషన్ లీకై ఇంజెక్టర్ చుట్టూ నల్లటి తారులా పేరుకుంటుంది. ఇంజెక్టర్ వేరేది వేస్తే హై ప్రెషర్ పైపు కూడా కొత్తదే వేయండి, దాని చివర శంకువు పాత ఇంజెక్టర్ మీద అణిగి ఉంటుంది కనుక.

స్విఫ్ట్ ఈసీయూ మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. పుంటోలో తాళం చెవి చిప్, బాడీ కంప్యూటర్, ఈసీయూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. వైరింగ్ వేరు, గేజ్‌లకు వెళ్లే సమాచారం వేరు. మీ ఈసీయూ పాడైతే దాన్నే రిపేరు చేసేవాళ్లను వెతకండి.

మిగిలినవి తొందరగా చెబుతాను. వాటర్ పంప్ మామూలుగా కలుస్తుంది, గ్యాస్కెట్ ముఖం, లోపలి రెక్కల లోతు పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాల్వులు, వాల్వ్ సీళ్లు, రాకర్ ఆర్ములు, హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ సీళ్లు కలుస్తాయి. ఆయిల్ ఫిల్టర్ లోపలి కాగితపు ఎలిమెంట్ మాత్రం హౌసింగ్‌ను బట్టి మారుతుంది. ఎత్తు, మధ్య రంధ్రం రెండూ కొలవండి. పొట్టిది పడితే ఆయిల్ ఫిల్టర్ కాకుండానే పక్కనుంచి పోతుంది, ఆ సంగతి ఇంజిన్ పోయేదాకా ఎవరికీ తెలియదు. గ్లో ప్లగ్గులకు (చల్లటి ఇంజిన్‌ను స్టార్టింగ్‌కు వేడిచేసేవి) మర (థ్రెడ్) సైజు కలిస్తే చాలదు, వోల్టేజీ కూడా చూడాలి. తక్కువ వోల్టేజీది పాత రకం బండిలో వేస్తే నాలుగు స్టార్టింగులకే కాలిపోతుంది. ఫ్యాన్ బెల్టు కారు కారుకూ వేరు, ఎందుకంటే ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ ఉండే చోటు వేరు. పాత బెల్టు మీది కోడ్ చదవండి. 6పీకే1040 అని ఉంటే 6 గాడులు, 1,040 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం.

థర్మోస్టాట్ హౌసింగ్, డీజిల్ ఫిల్టర్ హౌసింగ్, సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి), ఇంజిన్ మౌంట్లు, వాటి బ్రాకెట్లు, సైలెన్సర్ వైపు మానిఫోల్డ్ పైపు, క్లచ్, ఫ్లైవీల్, సెన్సర్ల ప్లగ్గులు, వీటిలో స్విఫ్ట్‌ది పుంటోకు అవుతుందని అనుకోకండి. గేర్‌బాక్సులు వేరు కాబట్టి క్లచ్ ప్లేటు మధ్య పళ్ల లెక్క, ప్లేటు వ్యాసం రెండూ మారవచ్చు.

పార్ట్ నంబర్ అడగడం అలవాటు చేసుకుంటే సగం మోసాలు తగ్గుతాయి. మారుతీ నంబర్‌లో మొదటి ఐదంకెలు వస్తువు రకాన్ని చెబుతాయి. 16510 అంటే ఆయిల్ ఫిల్టర్, 17400 వాటర్ పంప్, 11141 హెడ్ గ్యాస్కెట్. ఆ తర్వాతి అక్షరాలు, అంకెలు ఏ మోడల్‌కో, ఏ మార్పు తర్వాతిదో చెబుతాయి. మొదటి ఐదు కలిశాయని సంతోషపడితే చాలదు. ఫియట్‌ది ఎనిమిదంకెల నంబర్, ఇంజిన్ పార్టులకు తరచుగా 55 తో మొదలవుతుంది. లోహం మీద పోతపోసిన అంకె కనిపిస్తే అదే పార్ట్ నంబర్ అనుకోవద్దు. అది పోత నంబర్, ఒకే పోత నుంచి రెండు మూడు రకాల పార్టులు తయారవుతాయి. చెక్కిన లేదా లేబుల్ మీద అచ్చు వేసిన నంబరే లెక్క. కౌంటర్‌లో ‘ఈ నంబర్ ఆగిపోయింది’ అంటే అక్కడితో తిరిగి రాకండి, దానికి బదులు వచ్చిన కొత్త నంబర్ ఏదని అడగండి. ఛాసిస్ నంబర్ ఫోటో దగ్గర ఉంచుకోండి. ఫియట్ ఇండియా బండ్లది ఎంసీఏ అని మొదలవుతుంది, టాటాది ఎంఏటీ, మారుతీది ఎంఏ3. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ నంబర్ పంపి, ‘ఈ బండికి సరిపోతుంది’ అని రాతపూర్వకంగా తీసుకుంటే వాపసు అడగడానికి ఆధారం ఉంటుంది. కరెంటు పార్టులు పెట్టె విప్పాక చాలామంది వాపసు తీసుకోరు.

ఎక్కడ వెతకాలంటే, ఫియట్ పార్టులు మోపార్ పేరుతో వస్తాయి, జీప్ పార్టులదీ అదే పేరు, కాబట్టి జీప్ డీలర్ పార్టుల కౌంటర్‌లో ఒకసారి నంబర్ చూపించండి. పుంటోకే ప్రత్యేకమైన మౌంట్లు, హోస్‌లు, హౌసింగుల కోసం ఇదే మొదటి తలుపు. లోపలి పార్టులకు మారుతీ, టాటా జెన్యూన్ కౌంటర్లు చాలు. మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉంది. లేత్ పని, పంపు షాపులు, పాత సామాన్లు అన్నీ ఒకేచోట ఉండడం వల్ల కొలిచి, కొని, బిగించే పని ఒకే ప్రయాణంలో అవుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త పార్టులు చూడవచ్చు. అక్కడా లేకపోతే చెన్నై పుదుపేట పాత సామాన్లకు, ఢిల్లీ కశ్మీరీ గేట్ కొత్త పార్టులకు.

నకిలీల విషయంలో పెట్టెను చూసి నమ్మకండి. ఒరిజినల్ పెట్టెలు కూడా బజార్లో అమ్ముడవుతాయి. ఎంఆర్‌పీ లేబుల్, హోలోగ్రామ్ ఉండాలి, బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించుకోవాలి. ఎంఆర్‌పీలో సగానికే ఒరిజినల్ అంటే అది ఒరిజినల్ కాదు. చైన్, టెన్షనర్, బేరింగులు, బోల్టులు, గ్యాస్కెట్లు, గ్లో ప్లగ్గులు పాతవి ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. ఆల్టర్నేటర్, స్టార్టర్, బ్రాకెట్లు, సంప్, ఏసీ కంప్రెసర్, వాల్వ్ కవర్ లాంటివి పాతవి తీసుకోవడంలో తప్పేమీ లేదు. పాత హెడ్ తీసుకుంటే ప్రెషర్ టెస్ట్ చేయించాకే డబ్బు మొత్తం ఇవ్వండి.

మొత్తం ఇంజిన్ మార్చే ఆలోచన గురించి. బ్లాక్ పగిలినా, క్రాంక్ గ్రైండింగ్‌కు పనికిరాకుండా పోయినా అది సరైన దారే. అలాంటిదేమీ లేకపోతే, మీ ఇంజిన్ బాగుచేయించుకోవడమే నా సలహా. పాత స్విఫ్ట్ ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ చెప్పలేరు, దాని చైన్ కూడా మీదాని లాగే సాగి ఉండవచ్చు. ఎక్కించినా మీ సంప్, బ్రాకెట్లు, ఇంజెక్టర్లు, డీజిల్ రైల్ పైపు, టర్బో, ఫ్లైవీల్, సెన్సర్లు, వైరింగ్ అన్నీ విప్పి దానికి తగిలించాల్సిందే. అప్పుడు కూడా పైన చెప్పిన పిస్టన్, ఇంజెక్టర్ జోడీ సమస్య మిగిలే ఉంటుంది. వేరే దారి లేక తీసుకుంటే, మీ బండి తరగతిదే, అదే బీఎస్ కాలంనాటిదే తీసుకోండి. ఇంజిన్ నంబర్ చెరిపి ఉంటే ముట్టుకోకండి. బిల్లు, అది వచ్చిన బండి కాగితాల నకలు తీసుకుని, ఆర్టీఓలో ఆర్‌సీ మీద ఇంజిన్ నంబర్ మార్పించి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలపాలి. ఇది చేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

ఖర్చు పెట్టే ముందు ఇంకొకటి చూసుకోండి. 2011 బండికి 2026లో 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. బాడీ కింద తుప్పు, సస్పెన్షన్, బ్రేకులు ఎలా ఉన్నాయో ముందు లిఫ్ట్ మీద చూపించండి. అవి బాగుంటే ఈ ఇంజిన్ మీద పెట్టే డబ్బు వృథా కాదు, ఈ బండి నడక కూడా అంత బాగుంటుంది.

పని పూర్తయ్యాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్గులు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆగుతూ సెల్ఫ్ కొట్టాలి. టర్బో విప్పి ఉంటే దాని ఆయిల్ రంధ్రంలో ముందుగా కొద్దిగా ఆయిల్ పోయాలి. టర్బో ఆయిల్ పైపు లోపల మసి పట్టి ఉంటే శుభ్రం చేయడం కాదు, మార్చేయండి. ఎండిన బేరింగులతో టర్బో తిరిగితే నిమిషాల్లో పోతుంది. కొత్త రింగులు వేస్తే మొదటి 1,000 కిలోమీటర్లు 2,500 ఆర్‌పీఎమ్ దాటకుండా, అలాగని ఒకే వేగంలో గంటలకొద్దీ కాకుండా నడపండి. ఊరికే ఐడిల్‌లో ఎక్కువసేపు ఉంచకండి. 1,000 దాటగానే ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కాగితం విప్పి లోహపు పొడి ఉందేమో చూడండి. పాత పార్టులన్నీ అప్పటిదాకా పారేయకుండా ఒక డబ్బాలో ఉంచండి, ఏదైనా వాపసు చేయాలన్నా నంబర్ చూడాలన్నా అవే పనికొస్తాయి. ఆ సమయంలో హెడ్ బోల్టులు ఇంకోసారి బిగిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. ఇవి కోణం లెక్కన బిగించినవి, మళ్లీ పానా పెడితే సాగి తెగుతాయి.